కిడ్నీ మార్పిడి తర్వాత మంచినీళ్లు



డయాలిసిస్ చేయించుకునే మనిషి ఉన్న ఇంట్లో మంచినీళ్లకు కొలత ఉంటుంది. పొద్దున్నే ఒక సీసాలో ఆ రోజు వాటా పోసి పక్కన పెడతారు. కాఫీ తాగినా, అన్నంలో చారు పోసుకున్నా, మాత్రలు మింగినా ఆ వాటాలో అంత తగ్గించుకోవాలి. ముందు రోజు వచ్చిన మూత్రం ఎంతో చూసి, దానికి మరో అర లీటరు కలుపుకుని తాగమని చాలామందికి డాక్టర్లం చెబుతాం. మూత్రం పూర్తిగా ఆగిపోయినవారికి ఆ లెక్క మరీ చిన్నది. రోహిణి కార్తెలో కూడా అంతే. నాలుక పిడచకట్టుకుపోతుంటే యాలక్కాయ చప్పరిస్తారు, నోరు పుక్కిలించి ఉమ్మేస్తారు, చిన్న ఐసు ముక్క బుగ్గన పెట్టుకుంటారు. పక్కన కూర్చుని గటగటా నీళ్లు తాగడానికి ఇంట్లోవాళ్లకు మనసొప్పదు. వంటింట్లోకి వెళ్లి తాగి వస్తారు.

అలా రెండేళ్లు, ఐదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం గడిపిన మనిషికి ఒకరోజు కిడ్నీ మార్పిడి జరుగుతుంది. ఆ మర్నాటి నుంచే, అంతకాలం నీళ్లు తాగొద్దని కోప్పడిన మేమే, తాగండి, ఇంకాస్త తాగండి అని వెంటపడతాం. ఈ మలుపు గురించే ఈ పూట మీతో మాట్లాడతాను. మాత్రలు వేళకు వేసుకోవాలని ఆసుపత్రిలో పదిమంది పదిసార్లు చెబుతారు. మంచినీళ్ల మాట మాత్రం, ఇంటికి పంపించేటప్పుడు, ‘నీళ్లు బాగా తాగండి’ అన్న ఒక్క ముక్కతో అయిపోతుంది. ఏళ్ల తరబడి నీళ్లంటే భయపడమని నేర్పిన మనిషికి ఆ ఒక్క ముక్క ఏం చాలుతుంది?

ముందు అసలు లోపల ఏం జరుగుతుందో చెబుతాను. ఆరోగ్యంగా ఉన్న రెండు కిడ్నీలు కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో దాదాపు అంతా మళ్లీ రక్తంలోకి చేర్చేసి, లీటరున్నర, రెండు లీటర్లు మాత్రం మూత్రంగా బయటికి పంపిస్తాయి. మార్పిడిలో కొత్త కిడ్నీని నడుం వెనక, పాతవాటి స్థానంలో పెడతారని చాలామంది అనుకుంటారు. పాతవాటిని మామూలుగా కదిలించరు. కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన, ఎక్కువగా కుడివైపున, పెడతారు. దాని రక్తనాళాలను కాలికి వెళ్లే పెద్ద రక్తనాళాలకు కలుపుతారు. దాని మూత్రనాళాన్ని మూత్రాశయానికి కుడతారు. బిగించిన క్లాంపులు వదిలి రక్తం పారనివ్వగానే, అప్పటిదాకా పాలిపోయి చల్లగా ఉన్న కిడ్నీ చూస్తుండగానే గులాబీ రంగుకు తిరుగుతుంది, గట్టిపడుతుంది. బతికున్న దాత ఇచ్చినదైతే, చాలాసార్లు ఆపరేషన్ బల్ల మీదే మూత్రం చుక్కలు చుక్కలుగా మొదలవుతుంది. ఆ క్షణాన థియేటర్లో ఉన్నవాళ్లందరి కళ్లూ అక్కడే ఉంటాయి.

ఆ తర్వాత మొదటి రెండు మూడు రోజులు నర్సులు గంట గంటకూ మూత్రం కొలిచి రాస్తారు. ఎంత పోయిందో చూసి, దానికి తగ్గట్టు సెలైన్ ఎక్కిస్తారు. కొందరికి మొదటి రోజే పది లీటర్లు దాటుతుంది. మరికొందరికి, ముఖ్యంగా బ్రెయిన్ డెత్ అయిన దాత నుంచి కిడ్నీ వచ్చినప్పుడు, అది మేలుకోవడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు పడుతుంది. అంతదాకా మధ్యలో డయాలిసిస్ కూడా అవసరం కావచ్చు. అలాంటివారికి ఆ రోజుల్లో నీళ్ల మీద ఆంక్ష కొనసాగుతుంది. పక్క మంచం మీదాయన మూడు లీటర్లు తాగుతున్నాడని వీళ్లూ తాగకూడదు. ఇది మొదట్లోనే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను ఇకపై చెప్పబోయేదంతా కొత్త కిడ్నీ బాగా పనిచేస్తున్నవారికి.

కిడ్నీ కుదురుకున్నాక ఇంటికి వెళ్లేటప్పుడు చాలామందికి రోజుకు రెండున్నర నుంచి మూడు లీటర్లు తాగమని రాసిస్తాం. మనిషి బరువు, మూత్రం, గుండె, ఊళ్లో ఎండ చూసి ఆ అంకె అటూ ఇటూ అవుతుంది. మీ మందుల చీటీ మీద మీ డాక్టరు రాసిన అంకే మీ అంకె. రాయకపోతే అడిగి రాయించుకోండి. మాత్ర ఎన్ని మిల్లీగ్రాములో రాయించుకున్నట్టే ఇదీ రాయించుకోవలసిందే.

ఇప్పుడు ఒక రైతు సంగతి చెబుతాను. ఉద్దానం వైపు ఆయన, జీడితోట ఉంది. కిడ్నీ ఆయన భార్యే ఇచ్చింది. ఆపరేషన్ చక్కగా జరిగింది, కిడ్నీ పనితీరును చూపే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.2కు దిగింది, ఇంటికి పంపాం. కొన్ని వారాలకు పరీక్షకు వచ్చినప్పుడు అది 1.9 ఉంది. పెదవులు పగిలిపోయి ఉన్నాయి, నాలుక ఎండిపోయి ఉంది, లేచి నిలబడితే బీపీ పడిపోతోంది. రోజుకు ఎంత తాగుతున్నావయ్యా అంటే, భార్య సంచీలోంచి ఒక సీసా తీసి చూపించింది. డయాలిసిస్ నాటి లీటరు సీసా. దాని మీద పెన్నుతో గీసిన గీతలు అలాగే ఉన్నాయి, పొద్దుటికి ఇంత, మధ్యాహ్నానికి ఇంత, రాత్రికి ఇంత అని. ఆ కొలతే ఇంకా నడుస్తోంది.

నీళ్లు తాగమన్నాం కదా అంటే ఆయన తల వంచుకుని, “బయమేస్తాది తల్లీ, గ్లాసు ఎత్తితే ఆయాసమే గుర్తొస్తాది” అన్నాడు. డయాలిసిస్ రోజుల్లో ఒకసారి పెళ్లికి వెళ్లి, ఎండకు తట్టుకోలేక కడుపారా నీళ్లు తాగితే, ఆ రాత్రే ఊపిరితిత్తుల్లో నీరు చేరి, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే అంబులెన్సులో తెచ్చారు. అలాంటి రాత్రిని చూసిన ఒంటికి, ఇక ఫర్వాలేదు తాగు అని నోటితో చెబితే నమ్మకం కుదరదు. ఆయన మొండివాడేమీ కాదు. మేము నేర్పిన పాఠాన్ని అందరికంటే బుద్ధిగా పాటించినవాడు.

ఆయన్ని చేర్చుకున్నాం. క్రియాటినిన్ పెరిగిందంటే కారణం నీళ్లు తక్కువవడమే అయి ఉండాలని లేదు. శరీరం కిడ్నీని తిప్పికొడుతుండవచ్చు, మందు మోతాదు ఎక్కువై ఉండవచ్చు, మూత్రనాళానికి అడ్డు వచ్చి ఉండవచ్చు, ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అందుకని స్కానింగ్ చేశాం, రక్తంలో మందు ఎంత ఉందో చూశాం, మూత్రం కల్చర్‌కు పంపాం. సెలైన్ ఎక్కించిన రెండో రోజుకు క్రియాటినిన్ 1.3కు దిగింది. మా నర్సమ్మ ఆ సీసా మీది గీతలను స్పిరిట్ దూదితో తుడిచేసి, ఈ సీసా రోజుకు మూడుసార్లు ఖాళీ కావాలని ఆయన భార్యకు చెప్పింది. అక్కడే మంచం పక్కన నిలబడి, గ్లాసు గ్లాసూ తాగించింది. తాగాక పడుకోబెట్టి, ఆయాసం రాలేదు చూశావా అని ధైర్యం చెప్పింది. నా దృష్టిలో ఆ వారంలో జరిగిన అసలు వైద్యం అదే.

మార్పిడి చేయించుకున్నవారికి నీళ్లు తగ్గితే ఎందుకింత త్వరగా దెబ్బ తగులుతుంది? దీనికి మందులతో సంబంధం ఉంది. 1954లో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ మరే బృందం మొట్టమొదటిసారి విజయవంతంగా కిడ్నీ మార్చినప్పుడు, ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకే పోలిక కవలలు కాబట్టి శరీరం ఆ కిడ్నీని పరాయిదనుకోలేదు. కవలలు లేని మనలాంటివాళ్లకు శరీరాన్ని ఒప్పించే మందులు కావాలి. ఈ రోజు మన దగ్గర ఎక్కువమంది వాడేది టాక్రోలిమస్. 1984లో జపాన్‌లో, సుకుబా కొండ దగ్గరి మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి దీన్ని తీశారు. లక్షల మంది కిడ్నీలను, కాలేయాలను, గుండెలను నిలబెట్టిన మందు ఇది. దానికొక గుణం ఉంది. కిడ్నీలోకి రక్తం తీసుకెళ్లే సన్నని నాళాలను అది కాస్త ముడుచుకునేలా చేస్తుంది. పైన తూము సగం దించిన కాలువలో నీళ్లు నిండుగా ఉన్నంతకాలం చివరి పొలానికీ తడి అందుతుంది. కాలువలోనే నీళ్లు తగ్గితే మొదట ఎండేది ఆ చివరి పొలమే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు టాక్రోలిమస్ వాడేవారి కిడ్నీకి జరిగేది అదే. పైగా వీళ్లకు పనిచేసేది ఒక్కటే కిడ్నీ. ఒకసారి తగ్గితే సెలైన్‌తో తేరుకుంటుంది. మాటిమాటికీ జరిగితే లోపల మచ్చలు పడతాయి, అవి మానవు.

అలాగని ఎంత ఎక్కువ తాగితే కిడ్నీ అంత ఎక్కువ కాలం పనిచేస్తుందనుకోవద్దు. అలాంటి రుజువు ఏమీ లేదు. ఐదు, ఆరు లీటర్లు పట్టుబట్టి తాగితే రక్తంలో సోడియం పలచబడి తలతిరగడం, మగత, ఫిట్స్ దాకా వెళ్లవచ్చు. గుండె బలహీనంగా ఉన్నవారు, కాళ్లకు నీరు దిగినవారు డాక్టరు చెప్పిన గీత దాటకూడదు. కాలేయం మార్చుకున్నవారికి, గుండె మార్చుకున్నవారికి ఈ మందులే కాబట్టి, వాళ్ల కిడ్నీలకూ ఇదే ప్రమాదం. కానీ గుండె మార్పిడివారికి నీళ్ల కొలత వేరుగా ఉంటుంది, అది వాళ్ల కార్డియాలజిస్టు చెప్పాలి.

రోజంతా ఎలా తాగాలో చెబుతాను. దాహం వేసినప్పుడు తాగుదామని కూర్చోవద్దు. ఏళ్ల తరబడి దాహాన్ని అణచుకున్నవారికి దాని పిలుపు సరిగా వినపడదు, పెద్ద వయసువారికి మరీనూ. లీటరు సీసా ఒకటి పెట్టుకుని, మధ్యాహ్న భోజనంలోపు ఒకటిన్నర, సాయంత్రం దీపాలు పెట్టేలోపు మరో లీటరు, రాత్రికి మిగిలింది. ఒకేసారి సీసా ఎత్తి దించకుండా గంటకో గ్లాసు. ఏళ్లుగా మూత్రం రాక మూత్రాశయం ముడుచుకుపోయి ఉంటుంది కాబట్టి మొదటి నెలల్లో అరగంటకోసారి వెళ్లాల్సి వస్తుంది. రాత్రి నాలుగైదుసార్లు లేవాల్సి వస్తుంది. అది జబ్బు కాదు, కొన్ని నెలల్లో సంచి సాగుతుంది. వచ్చినప్పుడు ఆపుకోవద్దు. కిడ్నీ మార్పిడి తర్వాత అన్నింటికంటే ఎక్కువగా వచ్చే ఇన్‌ఫెక్షన్ మూత్రంలోనే. నిలవ ఉన్న మూత్రంలో క్రిములు పెరుగుతాయి, ధారగా వెళ్లిపోతూ ఉంటే వాటికి తీరిక ఉండదు.

పొద్దున్నే ఒంటికి వెళ్లాక, ఏమీ తినకముందు బరువు చూసుకోండి. ఒకే తూకం, ఇంచుమించు అవే బట్టలు. బీపీ, బరువు, తాగినవి, పోసినవి, ఈ నాలుగూ ఒక నోటు పుస్తకంలో రాయండి. ఒక్క రోజులో కిలో, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే, కాళ్లూ ముఖమూ ఉబ్బితే నీరు నిలుస్తోందని అర్థం, ఫోన్ చేయాలి. అలాగే రెండు రోజుల్లో కిలోన్నర తగ్గి, మూత్రం చిక్కటి పసుపు రంగులో కొద్దికొద్దిగా వస్తుంటే నీరు చాలడం లేదు. మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే సరిపోయినట్టు. ఇంకొక మాట. దాహం ఆగకుండా వేస్తూ, లీటర్ల కొద్దీ మూత్రం పోస్తుంటే, నీళ్లు బాగా తాగుతున్నానని సంతోషపడొద్దు. టాక్రోలిమస్, స్టెరాయిడ్ రెండూ షుగర్‌ను పెంచుతాయి. అంతకుముందు షుగర్ లేనివారికి కూడా మార్పిడి తర్వాత కొత్తగా వస్తుంది. అప్పుడు రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఇక ఆడవాళ్ల సంగతి. దీన్ని నేను కాస్త గట్టిగానే చెప్పాలనుకుంటున్నాను. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. తల్లులు, భార్యలు. ఇచ్చిన మర్నాటి నుంచి అందరి చూపూ పుచ్చుకున్న మనిషి మీదే. ఆయన ఎన్ని గ్లాసులు తాగాడో ఆవిడే లెక్కపెడుతుంది. ఆవిడ ఎన్ని తాగిందో అడిగేవాళ్లు ఉండరు. ఆవిడకూ ఇప్పుడు ఉన్నది ఒక్క కిడ్నీయే. ఏడాదికోసారి ఆవిడా బీపీ, క్రియాటినిన్, మూత్రం పరీక్ష చేయించుకోవాలి.

రెండోది, మరుగుదొడ్డి. ఊరికి వెళ్లాలంటే ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు మానేసే ఆడవాళ్లు మనకెంతమంది! నాలుగు గంటల బస్సు ప్రయాణం, మధ్యలో బస్టాండులో దొడ్డి శుభ్రంగా ఉండదు, పొలం పనిలో చాటు ఉండదు, బట్టల కొట్టులో నిలబడి పనిచేసే పిల్లకు మధ్యలో వెళ్లనివ్వరు. అందుకని తాగరు. మామూలు ఆరోగ్యం ఉన్నవారికే ఇది మంచిది కాదు. కిడ్నీ మార్చుకున్న అమ్మాయికి ఇది కిడ్నీని పణం పెట్టడమే. పరీక్షకు ఆసుపత్రికి వచ్చే రోజున కూడా పొద్దుటి నుంచి నీళ్లు లేకుండా వచ్చి, ఆ ఎండిపోయిన ఒంటితో రక్తం ఇచ్చి, క్రియాటినిన్ పెరిగిందని అందరం కంగారు పడిన సందర్భాలున్నాయి. ఇంట్లోవాళ్లు ప్రయాణాన్ని ఆ అవసరం చూసుకుని కుదర్చాలి. యజమానులు ఆ పది నిమిషాలు ఇవ్వాలి. దుకాణం యజమాని ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, మీ దగ్గర పనిచేసే పిల్ల అడక్కముందే ఆ వీలు కల్పించండి.

ఏం తాగాలి? మొదటి స్థానం మంచినీళ్లదే. మన వైపు ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా చూడవచ్చేవాళ్లు కొబ్బరిబోండాలు పట్టుకొస్తారు. కొబ్బరినీళ్లు మంచివే. కానీ ఒక గ్లాసులో సుమారు 400 నుంచి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. టాక్రోలిమస్ అసలే పొటాషియంను ఒంట్లో నిలవబెడుతుంది. పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. కాబట్టి మొదటి నెలల్లో రక్తపరీక్ష చూసి డాక్టరు సరేనన్నాకే కొబ్బరినీళ్లు. పళ్లరసాలకూ ఇదే మాట.

పంపరపనస మాత్రం అసలు వద్దు. విదేశాల్లో ఉన్న మన పిల్లలు అక్కడ దొరికే గ్రేప్‌ఫ్రూట్ జోలికి వెళ్లొద్దు. ఈ రెండు పళ్లూ టాక్రోలిమస్‌ను పేగుల్లో, కాలేయంలో విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుంటాయి, మందు రక్తంలో అమాంతం పెరిగిపోతుంది. ఇక తిప్పతీగ కషాయం. రోగనిరోధక శక్తిని పెంచుతుందని పేరున్నది ఏదైనా సరే, మీకు వద్దు. ఆ శక్తిని అదుపులో పెట్టడానికే మేము వేల రూపాయల మందులు ఇస్తున్నాం. ఇంట్లో చుట్టాలు ప్రేమతో కాచి ఇస్తారు. కాదనలేక తాగుతారు. కాదనండి, డాక్టరమ్మ వద్దంది అని నా పేరు చెప్పండి.

మజ్జిగ, కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టిన పెరుగుది అయితే, కిడ్నీ కుదురుకున్నాక సాధారణంగా ఒప్పుకుంటాం. ఉప్పు తక్కువ వేసుకోండి. ఊరగాయ, వడియం, అప్పడం తిని దాహం పెంచుకుని తాగే నీళ్లు బీపీని పెంచుతాయి, ఆ నీళ్లతో మేలు లేదు. కూల్‌డ్రింకులు పంచదార నీళ్లే. బండి మీది చెరకురసం, బజారు ఐసు వేసిన నిమ్మసోడా, పానీపూరీ నీళ్లు, కల్లు, వీటిలో క్రిములు ఎక్కడి నుంచి వస్తాయో చెప్పనక్కర్లేదు.

క్రిముల మాట వచ్చింది కాబట్టి నీటి శుభ్రత గురించి. ఉద్దానం పల్లెలకు 2023 డిసెంబరు నుంచి హిరమండలం రిజర్వాయరు నీళ్లు గొట్టాల ద్వారా వస్తున్నాయి, తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి. ఇవి శుద్ధి చేసి క్లోరిన్ కలిపి పంపే నీళ్లు. అయినా మార్పిడి చేయించుకున్న మనిషికి వాటిని కాచి ఇవ్వండి. క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి క్లోరిన్‌కు సులువుగా చావదు. మామూలు మనిషికి నాలుగు రోజుల విరేచనాలతో పోయేది, వీళ్లకు వారాల తరబడి పట్టుకుంటుంది. అదే క్రిమి నీళ్లు బుడబుడా తెర్లాక ఒక నిమిషానికి చస్తుంది. కాచిన గిన్నె మీదే మూత పెట్టి చల్లార్చండి, కడిగి ఆరబెట్టిన సీసాల్లోకి ఒంపండి, రేపటికి మళ్లీ కాచండి. బిందెలో చేయి ముంచి గ్లాసుతో తీయడం మానండి. క్యాను నీళ్లను మినరల్ వాటర్ అంటారు గానీ, ఆ క్యాను లోపల ఎప్పుడు కడిగారో మనకు తెలియదు. అవీ కాచవలసినవే.

ఇక అన్నింటికంటే ముఖ్యమైనది, వాంతులు, విరేచనాలు. వీటిని అజీర్తి అని కొట్టేయకండి. మామూలుగా విరేచనాలైతే మందు ఒంటికి పట్టదు, తగ్గిపోతుంది అనుకుంటాం. టాక్రోలిమస్ విషయంలో తరచూ దానికి విరుద్ధంగా జరుగుతుంది. పేగు పొర దెబ్బతిని, మందును అక్కడే విరగ్గొట్టి వెనక్కి నెట్టే పని మందగిస్తుంది. రక్తంలో మందు పెరుగుతుంది. ఒక పక్క ఒంట్లో నీరు పోతోంది, ఇంకో పక్క రక్తనాళాలను ముడిచే మందు ఎక్కువవుతోంది. కిడ్నీకి రెండు దెబ్బలూ ఒకేసారి. చేతులు వణకడం మొదలైందంటే మందు ఎక్కువైందన్న అనుమానం రావాలి. మైకోఫినోలేట్ అనే మరో మాత్ర వల్ల కూడా విరేచనాలు పట్టుకోవచ్చు, కాబట్టి కారణం మేము తేల్చాలి.

అప్పుడు చేయకూడనివి రెండున్నాయి. మార్పిడి మాత్రలను మీ అంతట మీరు ఆపకూడదు. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు కొని వేసుకోకూడదు. ఎండిపోయిన కిడ్నీకి ఆ బిళ్లలు విషంతో సమానం. బీపీకి, నీరు పోవడానికి వాడే కొన్ని మాత్రలను ఆ రెండు రోజులూ ఆపమని మేమే చెప్పవచ్చు, అందుకే ఫోన్ చేయమంటున్నాను. చేయవలసింది, అదే రోజు మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్, ఈలోగా ఓఆర్‌ఎస్. ప్యాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువైపోతుంది. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. ప్యాకెట్ కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూడండి. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాల మీద కూడా ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మిన రోజులున్నాయి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పట్టువదలకుండా పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు తీసేయమని ఆదేశించింది. ఆవిడ చేసిన మేలు పిల్లలకే కాదు, నా రోగులకు కూడా. వాంతి ఆగక ఓఆర్‌ఎస్, మాత్రలు రెండూ నిలవడం లేదంటే ఇంట్లో ఉండకండి. దగ్గరలో ఉన్న ఆసుపత్రికి వెళ్లి, మార్పిడి అయిన మనిషినని మొట్టమొదట చెప్పండి.

ఎండాకాలం గురించి ఎక్కువ చెప్పను. రెంటచింతలలో, రామగుండంలో ఎండ ఎలా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. పొలానికి వెళ్లేవారు తెల్లవారుజామున వెళ్లి, పదింటికల్లా నీడకు రండి. మామూలు అంకెకు అర లీటరు, లీటరు కలపవలసి వస్తుంది, ఎంతో డాక్టరునడగండి. శివరాత్రి, ఏకాదశి ఉపవాసాలున్నవారు పళ్లు తినడం, తినకపోవడం మీ ఇష్టం గానీ, నీళ్లూ మాత్రలూ మానకండి. రంజాన్ ఉపవాసం ఉండాలనుకునే సోదరులు నెల ముందే వచ్చి మాతో మాట్లాడండి. కిడ్నీ నిలకడగా ఉండి, పన్నెండు గంటలకోసారి వేసుకునే మాత్రల వేళలు కుదిరితే కొందరికి వీలవుతుంది, మార్పిడి జరిగి ఏడాది కూడా కానివారికి మేము ఒప్పుకోం.

2013లో ఉమ్మడి రాష్ట్రంలో జీవన్‌దాన్ మొదలైంది. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఆ పేరుతోనే నడుస్తోంది. ఆ జాబితాలో పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఫోన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు చాలామంది. ఎవరి బిడ్డో రోడ్డు ప్రమాదంలో పోతే, ఆ దుఃఖంలోనే తల్లిదండ్రులు సంతకం పెడితే వచ్చిన కిడ్నీ అది. లేదా సొంత తల్లి కడుపు కోయించుకుని ఇచ్చింది. అలా వచ్చినదాన్ని, గంటకో గ్లాసు నీళ్లు తాగని కారణంగా పోగొట్టుకోవడం నేను చూడలేను.

కాబట్టి వింటున్నవారికి నా మనవి. మీ ఇంట్లో, మీ వీధిలో, మీరు పనిచేసే చోట కిడ్నీ మార్పిడి అయినవారు ఉంటే, ఇవాళ ఎన్ని గ్లాసులు తాగారని అడగండి. కాచిన నీళ్ల సీసా చేతికందే చోట పెట్టండి. కిడ్నీ ఇచ్చిన మనిషిని కూడా అడగడం మరవకండి. వాంతులో, విరేచనాలో మొదలైతే, రేపు చూద్దాం అననివ్వకుండా, అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చేయించండి.